తలా రెండంగుళాలు

ఆ బుధవారం ఉదయం దర్జీ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. టీ తాగడం, ఇంటిముందున్న ట్రక్కు వెనక తొట్టిని టేపుతో కొలవడం, ఆ కొలతలు వెల్డింగ్ మేస్త్రికి పంపించేసి పదింటికల్లా కత్తెర పట్టుకోవడం. మనిషన్నవాడు ఇంతకంటే చిన్న పథకం వేసుకోలేడు. అయినా శుక్రవారం సాయంత్రానికి అది కోతిపుండు బ్రహ్మరాక్షసి అయినట్టు పెరిగిపోయి, నలుగురు పోలీసులు పట్టి ఎత్తితే గాని వదల్లేదు.

ముందు ఆ ట్రక్కు సంగతి చెప్పాలి. స్కూలు యూనిఫారాలు మూటలు కట్టి చేరవేయడానికి దర్జీ దాన్ని పాతదే చూసి కొన్నాడు. కొనడానికి భార్య ఒప్పుకుంది గాని, ఊరికే ఒప్పుకోలేదు. యూనిఫారాల సీజను మొదలయ్యేలోపు ఆ బండిలోనే కొండల అవతలి చెరువు గట్టుకి వెళ్లి, మూడు రోజులుండి రావాలంది. ఇరవై రెండేళ్లుగా ఆవిడ కొట్లో గోడకి ఎదురుగా కూర్చుని మిషను తొక్కుతోంది. కళ్లెత్తితే గోడ, ఇంకాస్త ఎత్తితే కప్పు. "నాకు నగలొద్దు, నాణ్యాలొద్దు. ఒక్క రాత్రి నెత్తిమీద కప్పు లేకుండా పడుకోవాలండీ, అంతే" అంది. దర్జీ మాటిచ్చాడు. అంతకుముందు కూడా మూడుసార్లు ఇచ్చాడు. మూడుసార్లూ ఆ మాటని యూనిఫారాలు మింగేశాయి. ఈసారి శనివారం తెల్లారేసరికి బయల్దేరితే బయల్దేరినట్టు, లేకపోతే మళ్లీ వచ్చే ఏడాదే.

ఇలా బండి తొట్టిలో పక్క వేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లలో రెండు మతాలున్నాయి. ర్యాక్ మతంవాళ్లు తొట్టి మీద గొట్టాలతో మంచె కట్టించుకుని, దానిమీద పరుపు పరుచుకుని ఆకాశం కింద పడుకుంటారు. టాపర్ మతంవాళ్లు తొట్టికి మూత పెట్టినట్టు రేకు గూడొకటి తొడిగించి, గడియ పెట్టుకుని లోపల పడుకుంటారు. ఇల్లాలు ఏ మతమో వేరే చెప్పక్కర్లేదు. దర్జీ మటుకు పుట్టు టాపర్. అంచు మడవని గుడ్డని చూస్తేనే అతనికి ఒళ్లు జలదరిస్తుంది. అలాంటివాడు కప్పులేని చోట కన్ను మూస్తాడా?

"మంచు పడుతుందే" అన్నాడు టీ గ్లాసు పట్టుకుని.

"పడనివ్వండి. పడితే తుడుచుకుందాం."

"వానొస్తే?"

"తడుద్దాం. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి తడిస్తే రంగు దిగిపోతామా ఏంటి?"

"పురుగూ పుట్రా ఉంటాయి."

"ఇక్కడ లేవా? మొన్న మీ బొత్తాల డబ్బాలో బల్లి ఏం చేస్తోంది, కాజాలు కుడుతోందా?"

జవాబు లేనప్పుడు మగమహారాజులు ఏం చేస్తారో అదే చేశాడు, గొంతు పెంచాడు. "టాపరే వేయిస్తున్నా! ఇంక దీని మీద మాటల్లేవు!"

"సరే, మీ ఇష్టం" అంది ఆవిడ, ఖాళీ గ్లాసు అందుకుంటూ.

కాపురం చేసినవాళ్లెవరైనా ఆ మాట వినగానే ర్యాక్ వేయించేస్తారు. దర్జీ కూడా కాపురం చేసినవాడే. కానీ నలుగురు నడిచే వీధిలో గొంతు పెంచాక దించడం ఎలాగో అతనికి తెలియదు. చెరువు గట్టున మంచు కురిసినప్పుడు తనే మెచ్చుకుంటుందిలే అని సర్దిచెప్పుకుని టేపు తీసుకుని బండి దగ్గరికి నడిచాడు.

వాళ్ల కొట్లో కొలతలకి ఒక పద్ధతుంది. దర్జీ ఒంటి కొలత తీసి చీటీ మీద ఉన్నదున్నట్టు రాస్తాడు. ఆ చీటీ చూసి కత్తెర పట్టినవాళ్లు దానికి రెండంగుళాలు లూజు కలుపుతారు. "కొలిచేవాడు ఒంటిని నమ్మాలి, కత్తిరించేవాడు భోజనాన్ని నమ్మాలి" అని అతనికి పని నేర్పిన గురువు చెప్పేవాడు. తిన్నాక మనిషి కూర్చోవాలి కదా, వంగాలి కదా, ఊపిరి పీల్చాలి కదా. రెండంగుళాలు లేకుండా ఆ కొట్లోంచి ఇంతవరకూ ఒక్క చొక్కా బయటికి పోలేదు.

తొట్టి వెడల్పు అరవై నాలుగు వచ్చింది. పొడవు డెబ్బై రెండు. రాయబోయి దర్జీ ఆగాడు. దీన్ని కత్తిరించేది ఎవరు? మేస్త్రి. ఇనుము కాల్చుకునేవాడికి లూజు సంగతి ఏం తెలుస్తుంది? ఉన్నదున్నట్టు రాస్తే ఉన్నదున్నట్టే చేసి పారేస్తాడు. బండి పీకల దాకా బిగుసుకుపోతుంది. అందుకని జీవితంలో మొదటిసారి లూజు చీటీ మీదే కలిపి, అరవై ఆరు, డెబ్బై నాలుగు అని రాశాడు. తన ముందుచూపుకి తనే మురిసిపోయాడు.

అప్పుడే ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు మోటారుసైకిలు దిగాడు. మనిషి నిలువెత్తు, మీసం అడ్డవెత్తు.

"మాస్టారూ, శనివారం మా పెద్దాఫీసరు తనిఖీ ఉంది. ఆయన ముందు మనిషిని చూడడు, ప్యాంటు చూస్తాడు. శుక్రవారం సాయంత్రానికి కొత్తది నా చేతిలో ఉండాలి."

"ఉంటుంది సార్" అన్నాడు దర్జీ. అని, టేపు ఆయన నడుముకి తిప్పుతూనే, చీటీని భార్య చేతిలో పెట్టి "మేస్త్రికి ఫోన్ చేసి చెప్పు" అన్నాడు. ఆవిడ దాన్ని రెండువేళ్లతో అందుకుంది, మాట్లాడలేదు. మాటలన్నీ పొద్దున్నే అయిపోయాయి కదా.

పదింటికి బావమరిది దిగాడు. ఇల్లాలికి సొంత తమ్ముడు. వీధిలో అందరూ సలహాల్రావు అంటారు. ఆరేళ్ల క్రితం ఎవరిదో ట్రక్కులో నాలుగు రోజులు అడవులు తిరిగొచ్చాడు. ఆ నాలుగు రోజుల గురించి ఆరేళ్లుగా మాట్లాడుతున్నాడు.

"బావా, టాపర్ చేయించడం అంటే తమాషా కాదు. దానికో శాస్త్రం ఉంది. మేస్త్రి దగ్గర నేను నిలబడి చేయిస్తాను. నువ్వు నిశ్చింతగా ప్యాంట్లు కుట్టుకో" అన్నాడు.

"నువ్వు నిలబడితే చాలురా, మాట్లాడకు" అన్నాడు దర్జీ.

"నేనెందుకు మాట్లాడతాను బావా!"

ఆ రెండు రోజులూ ఇల్లాలు ఇంట్లో మాట్లాడలేదు. కోపంగా గిన్నెలు విసిరినా బాగుండేది. విసరలేదు. టీ వేళకి టీ వచ్చింది, అన్నం వేళకి అన్నం వచ్చింది, బొత్తాలు కుట్టిన చొక్కాలు మడతపెట్టి వచ్చాయి. మాటొక్కటే రాలేదు. దర్జీ ఉండబట్టలేక గంటకోసారి మేస్త్రికి ఫోన్ చేశాడు. "అంతా మీరు చెప్పించిన కొలత ప్రకారమే వస్తోంది మాస్టారూ" అని మేస్త్రి గంటకోసారి ధైర్యం చెప్పాడు.

శుక్రవారం నాలుగింటికి టాపర్ వచ్చింది. అల్యూమినియం గొట్టాల చట్రం, పలచటి రేకు, పక్కన పై అంచులో అరచేయి పట్టేంత జరుపుడు కిటికీ, వెనక గడియ తలుపు. తెల్లగా తళతళలాడుతోంది. దర్జీకి ఎందుకో కాస్త పెద్దదిగా అనిపించింది.

"విడిగా చూస్తే అలాగే ఉంటుంది బావా. తొడిగాక ఒదుగుతుంది" అన్నాడు సలహాల్రావు.

ఆ వేళకి దర్జీ ఇన్‌స్పెక్టరు ప్యాంటుకి కింది మడతలు చేత్తో కుడుతున్నాడు. ఎడమకాలు అయింది, కుడికాలు సగంలో ఉంది. ప్యాంటు భుజాన వేసుకుని, సూది చొక్కాకి గుచ్చుకుని, మార్కింగ్ చాక్ ఒకటి పట్టుకుని తొట్టిలోకి ఎక్కాడు. లోపలివైపు చూడకుండా ఏ ఫిట్టింగునీ అతను ఒప్పుకోడు. వెనక తలుపు మూసి, మూలలు ఎక్కడ కూర్చుంటాయో చూడ్డానికి తొట్టి మధ్యలో గొంతుకూర్చుని "దించండి!" అన్నాడు.

మేస్త్రీ, సలహాల్రావూ, బండి తెచ్చినవాడూ కలిసి దించారు. పద్ధతి ప్రకారం అది తొట్టి గోడల అంచు మీద కూర్చుని ఆగాలి. ఆగలేదు. గోడలకి బయటినుంచి గరగరమంటూ కిందికి జారిపోయి, వెనక బంపరుదాకా వెళ్లి, దాని కొక్కేనికి టక్కున తగులుకుంది. ముత్తాత కోటు మునిమనవడికి తొడిగినట్టయింది. నంబరు ప్లేటు లేదు, వెనక లైట్లు లేవు, తొట్టి వెనక తలుపు గాని, కొక్కెం పట్టేసిన టాపరు తలుపు గాని తెరవడానికి వీల్లేదు. దర్జీ నెత్తికి రేకు ఠంగున తగిలింది.

మేస్త్రి వంగి బంపరు కిందికి చూశాడు.

"బావా, లోపల్నుంచి ఎలా ఉంది?" అన్నాడు సలహాల్రావు.

"లూజుగా ఉందిరా" అంది టాపరు.

"కంగారు పడకండి మాస్టారూ. బంపరు కింద కొక్కెం పట్టేసింది, నలుగురు ఒకేసారి ఎత్తితే వచ్చేస్తుంది. నేను పోయి మా షెడ్డులో మనుషుల్ని తెస్తాను" అని మేస్త్రి, టాపరు తెచ్చిన బండిలోనే, ఆ బండివాడితో సహా వెళ్లిపోయాడు. అందువల్ల వీధిలో సలహాల్రావొక్కడే మిగిలాడు. ఇల్లాలు లోపల మిషను తొక్కుతోంది. ఆ మోతలో ఆవిడకి బయటి సంగతులేవీ తెలియవు.

"బావా, వాళ్లొచ్చేలోపు ఒక చిన్న ఉపాయం. బండిని వేగంగా పోనిచ్చి ఒక్కసారి బ్రేకు కొట్టామనుకో, టాపర్ ముందుకి ఎగిరొచ్చి దానంతటదే ఊడుతుంది. శాస్త్రం."

"ఒరేయ్, వద్దురా! నీకు దణ్ణం పెడతా! వద్దు!"

"తాళం బండికే ఉంది బావా" అన్నాడు సలహాల్రావు, అదే అడ్డంకి అనుకున్నవాడిలా.

బండి కదిలింది. దర్జీ ఒక చేత్తో ప్యాంటుని గుండెకి హత్తుకున్నాడు, రెండో చేత్తో రేకు బాదాడు. "ఆపరా! ఆపు!" అని అరిచాడు. బాదినకొద్దీ బావ హుషారు చేస్తున్నాడనుకుని సలహాల్రావు ఇంకాస్త తొక్కాడు. వీధి చివర బ్రేకు కొట్టాడు. టాపరు ఎగరలేదు, దర్జీ ఎగిరాడు. ముందు గోడకి తగిలి మళ్లీ వెనక్కొచ్చాడు. "ఇంకొంచెం వేగం కావాలి బావా!" అన్న కేక ముందునుంచి వినబడింది. రెండోసారి బడి దగ్గర, మూడోసారి సరిగ్గా నాలుగురోడ్ల కూడలి నడిమధ్య బ్రేకు కొట్టాడు.

కూడలిలో ఉన్నది ఎవరో చెప్పాలా? ఇన్‌స్పెక్టరు ఇరవయ్యేళ్ల సర్వీసులో హెల్మెట్లు లేనివాళ్లనీ, ఎర్రలైటు దాటినవాళ్లనీ తప్ప ఎవర్నీ పట్టుకోలేదు. ఇప్పుడు ఆయన కళ్లముందు నంబరు లేని బండి, లైట్లు లేని బండి, దానిమీద రేకు డబ్బా, చిన్న కిటికీలోంచి తన్నుకుంటున్న మనిషి చెయ్యి, "కాపాడండి బాబోయ్!" అన్న అరుపు. ఆయన ఈల ఊదిన ఊపుకి కూడలికి నాలుగువైపులా బళ్లు ఆగిపోయాయి. నలుగురు కానిస్టేబుళ్లు పరిగెత్తుకొచ్చి సలహాల్రావుని కిందికి దింపారు.

"లోపల ఎవరు? ఎన్నాళ్లనుంచి బంధించారు నిన్ను?" అని కిటికీ దగ్గర వంగి అడిగాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో దయ ఉంది.

"నేనే సార్! మీ దర్జీని!"

దయ కాస్త సడలింది. "మాస్టారూ! నా ప్యాంటేదీ?"

"నా దగ్గరే ఉంది సార్. ఎడమకాలు అయింది. కుడికాలు సగం ఉంది."

"నలిగిందా?"

"లేదు సార్. నేను నలిగాను గాని, దాన్ని నలగనివ్వలేదు."

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. "సూది ఉందా?"

"చొక్కాకి గుచ్చుకుంది సార్. చొక్కా దాటి కొంచెం లోపలికి కూడా గుచ్చుకుంది."

"అయితే ముందు ఆ కుట్టు పూర్తి చెయ్యండి. మిమ్మల్ని తర్వాత విడిపిస్తాం. బయటికొస్తే జనం మూగుతారు, పని సాగదు."

అలా దర్జీ నడికూడలిలో రేకు డబ్బాలో ముడుచుకుని, కిటికీలోంచి వచ్చే అరచేతి వెలుతురులో కుట్టు వేశాడు. కప్పు నెత్తికి ఆనుకుని ఉంది. మెడ ఎత్తడానికి లేదు. కళ్లెత్తితే రేకు గోడ. ఊపిరాడుతున్నా ఆడనట్టే ఉంది. కుట్టు పూర్తయ్యాక ప్యాంటుని గొట్టంలా చుట్టి కిటికీలోంచి బయటికి తోశాడు. ఇన్‌స్పెక్టరు రెండు కాళ్లూ పరీక్షించి, తల ఊపి, కానిస్టేబుళ్లకి సైగ చేశాడు. అప్పటికి మేస్త్రి కూడా మనుషులతో వచ్చి చేరాడు. అందరూ కలిసి ఒక్క పట్టున టాపరుని లేపి రోడ్డు పక్కన దించారు.

దర్జీ నిలబడేసరికి ఎదురుగా భార్య ఉంది. "మీ ఆయన్ని డబ్బాలో పెట్టి తీసుకుపోతున్నారు" అని ఎవరో చెబితే మెడలో టేపుతో, వేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగుతో అలాగే పరిగెత్తుకొచ్చింది. కళ్లనిండా నీళ్లు. మనిషి క్షేమంగానే ఉన్నాడని తెలిశాక ఆ నీళ్లు తుడిచేసుకుని ముఖం పక్కకి తిప్పుకుంది.

ఇన్‌స్పెక్టరు ఆవిడ మెళ్లోని టేపు అడిగి తీసుకుని ముందు తొట్టిని, తర్వాత టాపరుని కొలిచాడు. "ఇది అరవై నాలుగు. అది డెబ్బై రెండు. పొడవులోనూ ఎనిమిది తేడా. ఈ కొలత ఎవరు తీశారు?"

"నేనే సార్" అన్నాడు దర్జీ. "మేస్త్రికి తెలియదని లూజుకి ఓ రెండంగుళాలు కలిపాను."

"మీరు కలిపారా?" అంది ఇల్లాలు. రెండు రోజుల తర్వాత మొగుడితో ఆవిడ అన్న మొదటి మాట అదే. "మీరు చీటీ మీద ఎప్పుడూ ఒంటి కొలతే కదా రాస్తారు! మేస్త్రి మన మనిషి కాదు, లూజు పెట్టడు కదా అని ఫోన్లో నేను రెండు కలిపి చెప్పాను!"

ఇన్‌స్పెక్టరు సలహాల్రావు వైపు తిరిగాడు. సలహాల్రావు ట్రాఫిక్ లైటుని శ్రద్ధగా చూస్తున్నాడు.

"నేను... ఎండకి రేకు ముడుచుకుంటుంది కదా అని మేస్త్రితో ఓ రెండు కలపమన్నాను. జాగ్రత్తకి."

"ఎండకి సాగుతుందయ్యా! ఆ ముక్క అప్పుడే చెప్పాను కదా నీకు!" అన్నాడు మేస్త్రి.

"మరి తెలిసి ఎందుకు కలిపావయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇంటివాళ్ల మనిషి కదా సార్, ఆయన చెప్పాక కాదంటానా? కలిపాను. ఆ పైన..." మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "గుడ్డ టేపుని మేం నమ్మం సార్. పాతబడితే సాగిపోతుంది. సాగిన టేపు కొలత తక్కువ చూపిస్తుంది. దర్జీ టేపు అనగానే అలవాటు కొద్దీ నేనొక రెండు కలిపాను."

"తిలాపాపం తలా పిడికెడు అంటే విన్నాను. తలా రెండంగుళాలు ఇదే చూడ్డం" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మీసం వెనక నవ్వేమైనా ఉందేమో, బయటికి రానివ్వలేదు. "మాస్టారూ, పాత పరిచయం కాబట్టి బండి వదిలేస్తున్నాను. కానీ రేపు పొద్దున్న ఊరు దాటే చోట నేనే ఉంటాను. నంబరు కనబడాలి, లైట్లు కనబడాలి, ఆ డబ్బా ఇసుమంతైనా ఊగకూడదు. ఊగిందో, తనిఖీ రోజని కూడా చూడను, బండి షెడ్డుకి పోతుంది."

"కోసి మళ్లీ అతకాలంటే పది రోజులు పడుతుంది మాస్టారూ. సోమవారం దాకా నా దగ్గర గ్యాసు సిలిండరే లేదు" అన్నాడు మేస్త్రి నేలచూపులు చూస్తూ.

"పోనివ్వండి" అంది ఇల్లాలు. "ఇది నాలుగోసారి కదా. అలవాటైపోయింది."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే దర్జీ ఓర్చుకునేవాడు. అతనికి నిజంగా సిగ్గేసింది. ఇంటిదాకా బండిని మెల్లగా నడుపుకుంటూ వచ్చాడే గాని పక్కన కూర్చున్న భార్య వైపు చూడలేకపోయాడు. వెనకాల మేస్త్రి మనుషులు టాపరు మోసుకొచ్చారు.

కొట్టు ముందు దించిన ఆ రేకు గూడు చుట్టూ దర్జీ మూడుసార్లు తిరిగాడు. ఎవరైనా చూస్తే ప్రదక్షిణాలు అనుకునేవారు. నాలుగోసారి తిరుగుతూ ఆగి, ఎవరితోనూ కాకుండా గాల్లోకి అన్నాడు. "కోటు లూజైందనుకో. కత్తెర పడదు. పక్కల్లో కుట్టు పట్టడానికి లేదు. పెళ్లి రేపే. అప్పుడేం చేస్తాం?"

గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు మాట్లాడకూడదనే అనుకుంది. కానీ పని గురించి అడిగితే నోరు ఊరుకుంటుందా? "భుజాలకి దిండ్లు పెట్టి నిలబెడతాం" అంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ తర్వాత కొట్లో రెండు మిషన్లూ ఒకేసారి మోగాయి. మేస్త్రికి మనసు పీకినట్టుంది, తొట్టి గోడల మీద అడ్డంగా వేయడానికి రెండు బలమైన చెక్క బద్దలు తనే తెచ్చి కొలిచి ఇచ్చాడు. ఈసారి ఇనప టేపుతో కొలిచాడు, ఏమీ కలపలేదు. కాన్వాసు సంచుల్లో పీలికలూ దూదీ కూరి నాలుగంగుళాల మందాన దిండ్లు కుట్టారు. టాపరు బద్దల మీద కూర్చుంది, చుట్టూ ఉన్న సందుని దిండ్లు పూడ్చాయి. నాలుగు పక్కలా రెండేసి కాన్వాసు పట్టీలు దిగాయి. వాటికి పాత కర్టెన్ల కర్ర కోసి చేసిన లావుపాటి బొత్తాలు. కాజాలు ఇల్లాలే కుట్టింది, తిరగేసి మరగేసి మూడు వరసలు. రాత్రి భోజనాల వేళకి దర్జీ టాపరుని పట్టుకుని శక్తికొద్దీ ఊపితే బండి ఊగింది గాని టాపరు ఊగలేదు. సలహాల్రావు మధ్యలో ఏదో చెప్పబోతే అక్క ఒక దిండు అతని చేతిలో పెట్టి పీలికలు కూరమంది.

తెల్లవారి ఊరి పొలిమేరలో ఇన్‌స్పెక్టరు ఆపాడు. కొత్త ప్యాంటులో ఉన్నాడు. బండి చుట్టూ తిరిగి నంబరు చూశాడు, లైట్లు చూశాడు, టాపరుని రెండు చేతులా గుంజి చూశాడు. దిండుని వేలితో నొక్కి "ఇదేంటి?" అన్నాడు.

"షోల్డర్ ప్యాడ్లు సార్" అన్నాడు దర్జీ.

ఇన్‌స్పెక్టరు కాసేపు ఆలోచించి దారి వదిలాడు. బండి కదులుతుంటే కిటికీ దగ్గరికొచ్చి "మాస్టారూ, ఎడమకాలు కంటే కుడికాలి కుట్టే బాగా వచ్చింది" అని మెల్లగా చెప్పాడు.

దారి చూపించడానికి తెలిసినవాడొకడు ఉండాలంటూ సలహాల్రావు కూడా ఎక్కాడు. రెండుసార్లు తప్పు దారి చూపించినా సాయంత్రానికి చెరువు గట్టుకి చేరారు. జనం లేరు, దీపాలు లేవు. నీళ్లు అవతలి కొండల దాకా ఉన్నాయి. వంటా తిండీ అయ్యాయి. టాపరులో పరుపు పరిచారు. ముందు సీట్లో సలహాల్రావు ముడుచుకుని, "మెడ పట్టేస్తుందేమో" అని గొణుక్కుంటున్నాడు.

దర్జీ లోపలికి వెళ్లి పడుకున్నాడు. తలుపు గడియ బాగా పడింది. అంచులన్నీ మూసి ఉన్నాయి. కోరుకున్నదంతా ఉంది. అయినా కంటికి కునుకు రాలేదు. కళ్లు తెరిస్తే నెత్తిమీద రేకే కనబడుతోంది. నిన్న కూడలిలో దీని కింద ఒక్క అరగంట కూర్చున్నాడు, అంతే, ప్రాణం ఎంత కొట్టుకుందో అతనికింకా గుర్తుంది. ఆవిడ ఇరవై రెండేళ్లు కూర్చుంది. ఆ లెక్క ఇన్నాళ్లూ తనకి తట్టనందుకు దర్జీకి తనమీద తనకే కోపం వచ్చింది. తలుపు తోసి చూస్తే ఆవిడ గట్టు మీద రాతిపై కూర్చుని, మెడ వెనక్కి వాల్చి, ఒక్కొక్కటిగా పొడుస్తున్న చుక్కల్ని చూస్తోంది.

"లోపలికి రావా? మంచు పడుతోంది."

"వస్తాలెండి. మీరు పడుకోండి."

దర్జీ బయటికొచ్చి మొదటి బొత్తం విప్పాడు. తర్వాత రెండోది. ఎనిమిదో బొత్తం దగ్గర ఆవిడ లేచి వచ్చింది.

"ఏం చేస్తున్నారండీ?"

"ట్రయల్ చూశాను. ఇది నీకు నప్పలేదు" అన్నాడు. "ఒరేయ్! లేచి ఓ చెయ్యి వెయ్యి!"

దిండ్లు లాగేస్తే టాపరు వదులైపోయింది. ముగ్గురూ కలిసి ఎత్తి గట్టు మీద పెట్టారు, అడ్డబద్దలు కూడా తీసేశారు. అసలు కొలతకి చేసి బోల్టులు బిగించినదే అయితే మేస్త్రి వస్తే గాని ఊడేది కాదు. సలహాల్రావు ఒక దిండు చంకన పెట్టుకుని, "ఖాళీగా ఎందుకుండాలి" అంటూ అందులో దూరిపోయాడు. తొట్టిలో పరుపు మీద వాళ్లిద్దరూ వెల్లకిలా పడుకున్నారు. పైన ఏమీ అడ్డం లేదు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు గాని, ఆ మౌనం బుధవారం నాటిది కాదని దర్జీకి తెలుస్తూనే ఉంది.

"ఎంత ఉంటుందంటావ్, ఈ చివర్నుంచి ఆ చివరికి?" అన్నాడు.

"కొలవకండి. మీరు కొలిస్తే రెండంగుళాలు కలుపుతారు" అంది, అతని చెయ్యి పట్టుకుని.

పొద్దున్నే దుప్పటి తడిసి ముద్దయింది. దర్జీ వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు. ఇల్లాలు తన కొంగుతో ముందు అతని తల తుడిచింది, తర్వాత తన ముఖం తుడుచుకుంది. "తుడుచుకుందాం అన్నానా లేదా?" అంటుంటే ఇరవై రెండేళ్లు తక్కువ వయసు దానిలా నవ్వింది.

ఇంతలో గట్టు మీది టాపరు తలుపు కిర్రుమంది. సలహాల్రావు బయటికొచ్చి, ఒళ్లు విరుచుకుని, వెనక్కి తిరిగి దాన్ని ఎగాదిగా చూశాడు.

"అంతా బాగానే ఉంది గాని బావా, పక్కకి తిరగడానికి కాస్త ఇరుకు. ఓ రెండంగుళాలు ఎక్కువ పెట్టించి ఉండాల్సింది."